మా ఇంటి ఓనరు వాళ్ల అమ్మగారిని గదిలో పెట్టి తాళం వేస్తున్నారు, ఏం చేయాలి? (సింగ్‌నగర్, విజయవాడ)

మేడమీది వాటా
జూన్ 2, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను. మేం మూడేళ్లుగా సింగ్‌నగర్‌లో మేడ మీద అద్దెకుంటున్నాం. కింద ఇంటివాళ్లు. కొడుకు, కోడలు, ఇంటరు చదివే పిల్లాడు, ఆయన తల్లి. మామ్మగారికి 78 ఏళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కింది వాటా మునిగినప్పుడు వాళ్లంతా మా వాటాలోనే తలదాచుకున్నారు. అప్పట్నుంచి మామ్మగారు నాకు బాగా దగ్గరయ్యారు.

ఇల్లు నిజానికి ఆవిడదే. తాతగారు పోయాక కొడుకు పేరున రాసిచ్చేశారట. ఇప్పుడు కొడుకూ కోడలూ పొద్దున్నే పనులకి వెళ్తూ ఆవిడని వెనక గదిలో ఉంచి బయట తాళం వేస్తున్నారు. సాయంత్రం ఆరింటికి తీస్తారు. ఒక గిన్నెలో అన్నం, ఒక చెంబు నీళ్లు. ఫ్యాను ఉంది గానీ కరెంటు పోతే ఈ ఎండలకి ఆ రేకుల గది ఎలా ఉంటుందో మీకు తెలుసు. మెట్ల పక్క కిటికీలోంచి 'కాసిన్ని మజ్జిగ ఉంటే పొయ్యమ్మా' అని అడుగుతారు.

నిన్న ఒకటో తారీఖు. సచివాలయం అమ్మాయి వచ్చి వేలిముద్ర వేయించుకుని 4,000 పింఛను ఆవిడ చేతికిచ్చింది. ఆ అమ్మాయి గేటు దాటకముందే కొడుకు తీసేసుకున్నాడు. ఇవాళ చూస్తే మణికట్టు మీద కమిలిపోయి నల్లగా ఉంది. 'పడ్డానమ్మా' అన్నారు. కాసేపాగి 'ఎవరికీ చెప్పకు తల్లీ, వాడి పరువు పోతుంది' అన్నారు. పడితే పరువెందుకు పోతుంది?

పోలీసులకి ఫోన్ చేద్దామంటే, 'వాళ్లొచ్చి వెళ్లిపోతారు, ఆ రాత్రి ఆవిడ అదే ఇంట్లో పడుకోవాలిగా' అంటున్నారు మా ఆయన. మమ్మల్ని ఖాళీ చేయమంటారన్న భయం కూడా ఉంది. ఇద్దరు పిల్లలతో ఈ నెలలో ఇల్లెక్కడ వెతుక్కుంటాం? కానీ ఆ కిటికీ పక్కనుంచి రోజూ నడిచి వెళ్లలేకపోతున్నాను.

భవానీపురం లక్ష్మి
జూన్ 2, రాత్రి 10:58

రేపు పొద్దున్నే 14567కి చెయ్యండి. ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ల కోసం పెట్టిన ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. మా అత్తగారి విషయంలో చేశాను. ఫోన్లో సలహా చెప్పి వదిలెయ్యరు, హింస అని చెబితే ఇంటికి మనిషిని పంపే ఏర్పాటు ఉంది. మీ కళ్లెదుట కొడుతుంటే మాత్రం ఏమీ ఆలోచించకుండా 112.

కృష్ణలంక గట్టు
జూన్ 2, రాత్రి 11:21

నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. స్వచ్ఛంద సంస్థల్ని పిలిచే ముందు రెండుసార్లు ఆలోచించండి. మా పెదనాన్నని ఒక సంస్థవాళ్లు వచ్చి తీసుకెళ్లారు. మంచి మాటలే చెప్పారు. రెండో రోజుకల్లా ఆయన చేతిలో కొత్త తువ్వాలు పెట్టి, చుట్టూ పదిమంది నిలబడి తీసుకున్న ఫొటో ఫేస్‌బుక్‌లో ఉంది. కింద 'కన్నకొడుకులు వదిలేసిన అభాగ్యుడు' అని రాశారు. ఆయన 31 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. శిష్యులంతా చూశారు. మా అన్నదమ్ముల తప్పు ఉంది, కాదనను. కానీ పోయేదాకా ఆ ఫొటో గురించే బాధపడ్డాడు. ఆ మామ్మగారు పరువు అంటున్నారంటే, ఆవిడకి అది అన్నం కంటే పెద్దది కావచ్చు.

వారధి ఇవతల
జూన్ 3, ఉదయం 6:15

కృష్ణలంక గారూ, మీ పెదనాన్నగారికి జరిగింది తప్పే. నేను విజయవాడలో ఒక చిన్న సంస్థలో తొమ్మిదేళ్లుగా వాలంటీర్‌ని. పేరు రాయను, ప్రచారం అనుకుంటారని. మా దగ్గర చేరిన మొదటి రోజే చెప్పే మాట, పెద్దవాళ్ల ఇంట్లో ఫోను జేబులోంచి తీయకూడదని. గాయం ఫొటో అవసరమైతే వాళ్లని అడిగి, ముఖం రాకుండా తీస్తాం, అదీ కేసు కోసమే.

మేడమీది వాటా గారూ, మేం ఎలా వెళ్తామో చెబుతాను, మీ భయం కొంత తగ్గొచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు ఫిర్యాదు అన్న మాటే ఎత్తం. ఇద్దరం వెళ్తాం, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. బీపీ మిషను, షుగరు చూసే స్ట్రిప్పులు పట్టుకుని వీధిలో పెద్దవాళ్లున్న నాలుగైదు ఇళ్లకి వెళ్తాం. మీ ఇల్లు అందులో ఒకటి. మొదటిదీ కాదు, చివరిదీ కాదు. ఎవరు చెప్పారన్న ప్రశ్నే రాకూడదు.

ఒకరం కొడుకుతో హాల్లో కూర్చుంటాం. అతని ఉద్యోగం, అప్పులు, తల్లిని చూసుకోవడంలో ఉన్న కష్టం, అన్నీ వింటాం. నటించడం కాదు, చాలా ఇళ్లల్లో అక్కడే సగం విషయం ఉంటుంది. ఇంకొకరు లోపల మామ్మగారికి బీపీ చూస్తూ మాట్లాడతారు. నిద్ర పడుతోందా, మందులు ఎవరిస్తారు, చేతిఖర్చుకి ఎవర్ని అడుగుతారు, ఇంట్లో ఎవరంటేనన్నా భయమేస్తుందా. ఆ చివరి ప్రశ్న కూడా నిద్ర గురించి అడిగిన గొంతుతోనే అడగాలి. గొంతు మారిందా, ఆవిడ నోరు మూసుకుంటారు. మొదటిసారి 'నాకేం, మహరాణిలా ఉన్నా' అనేవాళ్లే ఎక్కువ. మూడోసారికి, నాలుగోసారికి చెబుతారు. అందుకే ఒకసారి వెళ్లి రిపోర్టు రాసే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

తర్వాత ఆవిడకేం కావాలన్నది ఆవిడే చెప్పాలి. నేను కలిసిన వాళ్లలో ఇల్లు వదిలి వస్తామన్నవాళ్లు బహు తక్కువ. కొట్టడం ఆగాలి, తాళం తియ్యాలి, నా పింఛను నాకుండాలి, వాడు జైలుకి పోకూడదు. ఇంతే అడుగుతారు. ప్రాణానికి ముప్పున్నా, మతి సరిగా లేక ఏం జరుగుతోందో చెప్పలేని స్థితిలో ఉన్నా అప్పుడు వేరు, అప్పుడు ఆగం. తాళం విషయం నాకు ఆ కోవలోకే వచ్చేలా కనిపిస్తోంది. మంట లేచినా, కళ్లు తిరిగి పడిపోయినా తలుపు తీసేవాళ్లు లేరు. ఈ వారం దాటనివ్వొద్దు.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఏ రోజు ఎన్నింటికి తాళం వేశారు, ఎన్నింటికి తీశారు, గాయం ఎక్కడ, ఎప్పుడు చూశారు, ఒక నోటుపుస్తకంలో తారీఖులతో రాయండి. కొడుకుతో గొడవ పెట్టుకోకండి. మజ్జిగ ఆపకండి.

రిటైర్డ్ రెవెన్యూ
జూన్ 3, ఉదయం 9:02

ఆర్డీవో ఆఫీసులో సీనియర్ సిటిజన్ల ఫైళ్లు చూసిన అనుభవంతో రాస్తున్నాను. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం ఆర్డీవో గారి దగ్గరే ఇలాంటి అర్జీలు విని తేల్చే ట్రిబ్యునల్ ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి, అర్జీ పెద్దావిడే వచ్చి పెట్టాలని లేదు. ఆవిడ రానేలేకపోతే, ఆవిడ అధికారం ఇచ్చిన మనిషి గానీ, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ గానీ పెట్టవచ్చు. ఇది 5వ సెక్షనులోనే ఉంది. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా కేసు తీసుకోవచ్చు. భరణం నెలకి 10,000 దాకా, నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. చట్టం లాయర్లకి చోటివ్వలేదు. కొన్ని హైకోర్టులు తర్వాత వేరేగా చెప్పాయి గానీ, మా దగ్గర ఎక్కువమంది కాగితం చేతపట్టుకుని సొంతంగానే వచ్చేవారు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, కోడలి మీద రాస్తారు. ఆ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. అర్జీ కొడుకు మీద ఉండాలి.

ఇల్లు సంగతి 23వ సెక్షను. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్టు చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఈ చట్టం పెద్దల మేలు కోసం వచ్చింది కాబట్టి ఉదారంగా చదవాలని, ఇల్లు తిరిగి స్వాధీనం చేయించే అధికారమూ ట్రిబ్యునల్‌కి ఉందని అంది. అందువల్ల ముందు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీయించండి. 'పోషణ బాధ్యత వహించే షరతుతో' లాంటి ఒక్క వాక్యం ఉందా చూడండి. నా లెక్కలో మొత్తం కేసు ఆ ఒక్క వాక్యం మీద నిలబడుతుంది.

విచారణ రోజు ఒకటి గమనించేవాణ్ణి. తల్లి ఒంటరిగా వస్తే, అడిగిన ప్రతిదానికీ ముందు కొడుకు ముఖం చూసేది. 'రాజీ అయిపోయాం సార్' అని వేలిముద్ర వేసి వెళ్లిపోయేది. నెల తిరిగేలోగా మళ్లీ మెట్ల మీద కనిపించేది. పక్కన ఒక సంస్థ మనిషి కూర్చుంటే, ఆవిడ మావైపు చూసి మాట్లాడేది. వాళ్లు నోరు విప్పక్కర్లేదు కూడా, ఊరికే కూర్చుంటే చాలు. ఉద్యోగంలో ఉండగా ఈ సంగతి పైవాళ్లకి గట్టిగా చెప్పలేకపోయాను. ఇప్పుడైనా చెబుతున్నాను.

తెనాలి రోడ్డు
జూన్ 3, ఉదయం 11:30

సార్, మా మేనత్తకి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు పొలం చేసుకుంటూ ఆవిడని పట్టించుకోవడం లేదు. ఆవిడకీ వర్తిస్తుందా?

రిటైర్డ్ రెవెన్యూ
జూన్ 3, ఉదయం 11:52

వర్తిస్తుంది బాబూ. పిల్లలు లేనివారికి, ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు బాధ్యుడు. మీ మేనత్తగారికి 60 దాటి, అతనికి తగిన స్తోమత ఉండాలి.

వార్డు డ్యూటీ, గుంటూరు
జూన్ 3, మధ్యాహ్నం 3:10

గుంటూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మణికట్టు మీద కమిలిన మచ్చ అన్నారుగా, రెండు చేతులూ చూడండి. పడితే ఎక్కువగా మోచెయ్యి, మోకాలు, తుంటి దెబ్బతింటాయి, చెయ్యి ఆనించుకుంటే మణికట్టూ దెబ్బతినొచ్చు. గట్టిగా పట్టుకుంటే మణికట్టు, పై చెయ్యి కములుతాయి, వేళ్ల గుర్తులు విడివిడిగా తెలియొచ్చు. మేం వార్డులో ఇంకోటి కూడా చూస్తాం. 'ఏమైందమ్మా' అని ఆవిడని అడిగితే వెంట వచ్చినవాళ్లు జవాబు చెబుతుంటే, కాసేపు వాళ్లని బయట మందులు తెమ్మని పంపుతాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, 60 దాటినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది వ్యవధిలో ఇలాంటిది ఏదో ఒకటి అనుభవిస్తున్నారని. వార్డులో మాకు దెబ్బల కంటే ఎక్కువగా కనిపించేది పట్టించుకోకపోవడమే. నీళ్లు సరిగా తాగక నాలుక ఎండిపోయి, వీపున పుండ్లు పడి, మూడు వారాలుగా షుగరు మాత్ర లేకుండా వస్తారు. మా దగ్గరికి వారానికి రెండు రోజులు ఒక సంస్థ అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. డిశ్చార్జి రాసేముందు ఆ అమ్మాయికి చెబుతాం. ఇంటికెళ్లిన నాలుగో రోజున వెళ్లి చూసొస్తుంది. అంతకుముందు అదే మనిషి, అవే పుండ్లతో మళ్లీ మళ్లీ వచ్చేది.

మామ్మగారిని ఎలాగైనా ఒకసారి డాక్టరుకి చూపించి, చీటీ మీద గాయం గురించి రాయించండి. ఇంకో మాట. గృహహింస చట్టం కోడళ్లకే అనుకుంటారు, కొడుకు మీద తల్లి కూడా పెట్టవచ్చు. ఆ చట్టం కింద సర్వీస్ ప్రొవైడరుగా నమోదైన సంస్థలు జరిగినదాన్ని రిపోర్టుగా రాసి మెజిస్ట్రేటుకి పంపగలవు, వైద్య పరీక్ష చేయించగలవు, షెల్టరు ఇప్పించగలవు. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేసినా దారి చెబుతారు.

బ్రాడీపేట 4వ లైను
జూన్ 4, రాత్రి 1:25

నిద్ర పట్టక ఇదంతా చదివాను. అవతలి పక్క మనిషిగా రాస్తున్నాను. మా అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చి ఆరేళ్లు. ఒక్కణ్ణే కొడుకుని. పగలు షాపు, రాత్రి అమ్మ. రెండింటికి లేచి 'మా ఇంటికి తీసుకెళ్లు' అని తలుపు బాదేది. ఒక రాత్రి భుజం పట్టుకుని మంచం మీదకి తోశాను. పొద్దున చూస్తే నా వేళ్లు ఆమె భుజం మీద అచ్చు పడి ఉన్నాయి. నేనూ తలుపుకి గడియ పెట్టాను, బయటికి వెళ్లిపోతుందని. అమ్మ అడిగేది, 'నేనేం చేశాను నాయనా' అని.

అరండల్‌పేటలో ఒక సంస్థవాళ్లు నెలకోసారి ఇలా చూసుకునేవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడిస్తారని మా డాక్టరు పంపారు. అక్కడ చెప్పాను, తోశానని. తిట్టలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావని అడిగారు. వారానికి మూడు పూటలు ఒక ఆయమ్మ వచ్చి కూర్చునే ఏర్పాటు చేయించారు. సాయంత్రం పూట అమ్మని కాసేపు నడిపించడం, రాత్రి గదిలో చిన్న లైటు వేసి ఉంచడం, ఆమె 'ఇల్లు' అంటే వాదించకుండా ఆ ఇంటి కబుర్లు చెప్పించడం నేర్పారు. మళ్లీ చెయ్యి వెయ్యలేదు. మూడేళ్లయింది.

నేను చేసింది చిన్నదని చెప్పడం లేదు. పింఛను లాక్కునేవాడు వేరు, వాణ్ణి నేను వెనకేసుకు రాను. కానీ కొన్ని ఇళ్లల్లో ఎవరన్నా రెండేళ్లు ముందొచ్చి ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

కోరిటెపాడు అమ్మమ్మ
జూన్ 4, ఉదయం 7:40

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను. బ్రాడీపేట బాబూ, నువ్వు చెప్పుకున్నావు, అది మంచిది.

నాకు 72. నన్నెవరూ కొట్టలేదు. పెద్దాడు 'నీకెందుకమ్మా బ్యాంకు తిరుగుళ్లు' అని పాసుపుస్తకం, ఏటీఎం కార్డు తీసుకున్నాడు. మీ తాతగారి ఫ్యామిలీ పెన్షను అందులోనే పడేది. రెండేళ్లు ఎంత పడుతోందో నాకు తెలీదు. కళ్లజోడు విరిగితే ఎనిమిది నెలలు దారం కట్టుకు తిరిగాను. అడిగితే 'నీకేం తక్కువ చేశాం' అనేవాడు. దీన్ని కూడా హింస అంటారని మా వీధిలో పెద్దవాళ్ల సంఘం పెట్టిన సంస్థ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీదు.

ఆ అమ్మాయి నాతో బ్యాంకుకి వచ్చింది. లోపలికి మాత్రం నన్నే పంపింది. 'మీ ఖాతా మీది, మీరే అడగండి, నేను ఇక్కడే కుర్చీలో ఉంటా' అంది. కొత్త పాసుపుస్తకం, కొత్త కార్డు తీసుకున్నాను. మెసేజీలు నా ఫోనుకే వచ్చేలా నంబరు మార్పించాను. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. మర్నాడు సంఘంలోవాళ్లం ఏడుగురు ఆడవాళ్లం మా వరండాలో కూర్చుని గోరింటాకు రుబ్బుకున్నాం. ఎవరూ మావాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వాడు చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు. అంతే. ఇంటి ఖర్చుకి నెలకింత అని నేనే ఇస్తున్నాను ఇప్పుడు.

సింగ్‌నగర్ అమ్మాయ్, మీ మామ్మగారికి ఈడు మనుషులు ఎవరన్నా ఉన్నారేమో చూడు.

మేడమీది వాటా
జూన్ 4, మధ్యాహ్నం 2:05

అందరికీ దణ్ణం. నిన్ననే 14567కి చేశాను. నా పేరు బయటికి రాదన్నారు. గంటన్నర తర్వాత విజయవాడ నుంచే ఒకావిడ మాట్లాడారు. రేపు వస్తామన్నారు. నోటుపుస్తకం మొదలుపెట్టాను.

మేడమీది వాటా
జూన్ 9, రాత్రి 9:30

వచ్చారు. అచ్చం వారధి గారు చెప్పినట్టే బీపీ మిషనుతో, మూడిళ్లు చూసుకుని. మామ్మగారు 'నాకేం లోటు' అన్నారట. నాకు కాళ్లలో బలం పోయింది. కానీ ఆ వచ్చినావిడ తాళం సంగతి కొడుకుతో సూటిగానే మాట్లాడారు. నేరం అని మొదలుపెట్టలేదు. గ్యాసు లీకైతే, కరెంటు షార్టయితే ఏమవుతుందో చెప్పి, తర్వాత ఇలా బంధించడం కేసవుతుందని కూడా చెప్పారు. ఆయన 'బయటికెళ్లి తప్పిపోతుందని వేస్తున్నా' అన్నాడు. ఆవిడ తప్పిపోయే మనిషి కాదు, వరదల్లో మా పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించింది. మర్నాడు తాళం లేదు. ఆ మర్నాడు మళ్లీ వేశారు.

వారధి ఇవతల
జూన్ 10, ఉదయం 5:50

అది మామూలే, ధైర్యం పోగొట్టుకోకండి. మళ్లీ వేశారన్నది వాళ్లకి ఇవాళే చెప్పండి. రెండోసారి వెళ్లేటప్పుడు సాధారణంగా వార్డు మహిళా పోలీసుని వెంట తీసుకెళ్తాం. అలాగే సచివాలయంలో చెప్పించండి, వచ్చే నెల పింఛను ఇచ్చే అమ్మాయి మామ్మగారి పక్కన పది నిమిషాలు కూర్చోవాలని. జూన్ 15న వృద్ధుల పట్ల వేధింపుల వ్యతిరేక దినం అని మేమూ ఏటా ర్యాలీ తీస్తాం. బెంజ్ సర్కిల్ దాకా నడిచి వస్తాం, పేపర్లో పడుతుంది. మా వార్డుల్లో మాత్రం ఒకటో తారీఖున పింఛను ఇచ్చేచోట ఒక మనిషి నిలబడటం మొదలుపెట్టాకే కొడుకుల చేతులు వెనక్కి తగ్గాయి. నా మాట అడిగితే ర్యాలీ ఖర్చు కూడా అటే పెట్టాలి.

కృష్ణలంక గట్టు
జూన్ 10, ఉదయం 8:15

వారధి గారూ, మీకు మనుషులు కావాలంటే ఒకటో తారీఖున నేను ఖాళీయే. ఫొటోలు లేకపోతే వస్తాను.

మేడమీది వాటా
జూలై 1, సాయంత్రం 6:20

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. జూన్ 12న వాళ్లు మహిళా పోలీసుతో వచ్చారు. ఈసారి మామ్మగారు చెప్పారు. లోపల గదిలో గంటసేపు ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. చేతి మీద గాయం గురించి, పింఛను గురించి, ఇంకా మాకు తెలియనివి కూడా. కేసు వద్దన్నారు. ఆశ్రమం వద్దన్నారు. కొడుకు చేత కాగితం మీద రాయించారు, తాళం వెయ్యననీ, చెయ్యి చేసుకోననీ. రాయించినా వారం వారం వస్తూనే ఉన్నారు. మంగళవారం ఎవరో ఒకరు. మొదట్లో ముఖం చిట్లించుకున్నాడు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నాడు. వెనక గది తలుపు గొళ్లెం ఊడదీయించారు.

మమ్మల్ని ఖాళీ చెయ్యమనలేదు. అనుమానం ఉందేమో, కోడలు నాతో మాట్లాడటం మానేసింది. దాన్ని భరించగలను.

ఆర్డీవో ఆఫీసు అర్జీ రాసి సిద్ధంగా ఉంచారు, మామ్మగారు ఎప్పుడంటే అప్పుడు వేస్తారు. నకలు నిన్ననే వచ్చింది. మూడో పేజీలో 'నా జీవితకాలమంతయు నన్ను పోషించు షరతుపై' అని ఉంది. మామ్మగారు దాన్ని ఆ వచ్చినావిడ చేత రెండుసార్లు చదివించుకున్నారు.

ఇవాళ పింఛను. సచివాలయం అమ్మాయి అరుగు మీద పక్కనే కూర్చుంది. కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. మామ్మగారు నోట్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుని, మెట్లెక్కి మా వాటాకి వచ్చి, మజ్జిగ బాకీ అని 100 రూపాయలు నా చేతిలో పెట్టారు. వద్దంటే ఒప్పుకోలేదు.

రిటైర్డ్ రెవెన్యూ
జూలై 1, రాత్రి 7:05

ఆ వాక్యం ఉందంటే చాలా బలం. అమ్మా, నకలుని మూడు జిరాక్సులు తీయించి ఒకటి మీ వాటాలో ఉంచండి. అసలు కాగితం ఆ ఇంట్లో పెట్టనివ్వకండి.